మసి కాలే దూరం

బొగ్గు ఊళ్ళో తెల్ల కారు కొన్నవాణ్ణి ఏమనాలో మా కాక మొదటి రోజే చెప్పాడు. ఆ మాట అచ్చులో పెట్టడానికి వీల్లేదు. దాని వెనకాల మా అమ్మను తలుచుకుని అన్నది మాత్రం పెట్టొచ్చు: "మీ అవ్వకు ఇంట్ల ఉతికే బట్టలు తక్కువైనయా బిడ్డ, గిదొకటి తెచ్చినవ్?"

కాక మాకు రక్తసంబంధం కాదు. మా బాపుతో కలిసి ఒకే బొగ్గుబాయిలోకి దిగిన మనిషి. ఇద్దరూ రిటైరయ్యాక కూడా పొద్దున షిఫ్టు వేళకు లేచి, తయారై, మా ఇంటి అరుగు మీదికి డ్యూటీకి వచ్చేవాడు. ఆయన డ్యూటీ నన్ను తిట్టడం. నా డ్యూటీ తిరగబడి ఆయన్ను ఆటపట్టించడం. ఇద్దరం ఒక్కనాడు కూడా నాగా పెట్టలేదు.

కాక అన్నదాంట్లో తప్పేం లేదు. గోదావరిఖనిలో పొద్దున తుడిచిన తెల్లబండి మధ్యాహ్నానికి బూడిద రంగుకు వస్తుంది. సాయంత్రానికి దాని రంగేమిటో కాగితాలు చూసి చెప్పాలి. నేను షిఫ్టు సగంలో పైకి వచ్చేసినట్టు ఎనిమిదో తరగతిలోనే బడి నుంచి వచ్చేసినవాణ్ణి. లారీ మీద క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా తిరిగి తిరిగి చివరికి ఆఫీసులకు కిరాయికి జీపులు పెట్టేవాణ్ణయ్యాను. ఆఫీసర్లందరూ నా బండ్లలో తిరిగితే నేను పాత మోటార్‌సైకిల్ మీద తిరిగేవాణ్ణి. హైదరాబాదులో ఒక పెద్దమనిషి వాడి వదిలేసిన పెద్ద డీజిల్ బండి ఉందని తెలిస్తే పోయి తెచ్చుకున్నాను. పాలమీగడ రంగు తోలు సీట్లు, సీటు కింది నుంచి చల్లగాలి, నెత్తి మీద ముందు నుంచి వెనక దాకా అద్దం కప్పు. ఆ పెద్దమనిషి పిల్లలు దాంట్లోంచి చుక్కలు చూసేవారట. మా దగ్గర దాంట్లోంచి బొగ్గుపొడి ఎంత మందాన పడిందో చూసుకోవచ్చు.

దానితో కాపురం అంత సుఖమైంది కాదు. మా వైపు ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే సందులో ప్రతి ఇంట్లో గిన్నెలు గలగలమంటాయి. మనుషులకు అలవాటే. నా బండికి మాత్రం అలవాటు కాలేదు. భూమి కదలగానే దొంగ పడ్డాడనుకుని సందంతా వినబడేటట్టు అరిచేది. కొన్నాళ్ళకు ఆడవాళ్ళు ఆ అరుపు వినగానే దుమ్ము రాకముందే ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి పోవడం మొదలుపెట్టారు. లక్షణమైన బండిని సందుకు కాపలా కుక్కను చేశారు. పక్క నుంచి బర్రె పోతే అది టకటకా మొత్తుకునేది. వెనక చూపించే కెమెరాకు సాయంత్రానికల్లా కాటుక పెట్టుకునేది. వీటన్నిటినీ మించి, అది యూరియా నీళ్ళు తాగుతుంది. పొగ శుభ్రం చేసుకోవడానికి దానికి వేరే ట్యాంకు ఉంటుంది. రైతులు యూరియా బస్తా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడే రోజుల్లో నేను డబ్బా పట్టుకుని దానికి పోస్తుంటే కాక చూశాడు.

"ఎన్ని ఎకరాలు నాటేసినవ్ బిడ్డ, దీని కడుపుల?" అన్నాడు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఒక చిన్న పసుపుపచ్చ లైటు మాత్రం వేరు. దాని గురించి చెప్పాలంటే ముందు మా బాపు గురించి చెప్పాలి.

బాపు భూమి లోపల బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని చేశాడు. నేను బడి మానేసి గాలికి తిరుగుతుంటే నా బతుకెట్లా అని ఆయనకు ఫికర్ పట్టుకుంది. మా దగ్గర దానికి ఒక తోవ ఉండేది. బాయిలో పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఆ నౌకరీ కొడుక్కు వస్తుంది. దాన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. వేరే ఊళ్ళలో తండ్రులు దేవుణ్ణి ఆరోగ్యం అడుగుతారు. మా కాలనీలో కొడుకు ఎదిగొచ్చిన తండ్రి రోగం అడిగేవాడు.

బాపుకు గురువు కాకే. అరుగు మీద కూర్చోబెట్టి దగ్గు నేర్పించాడు. గొంతులోంచి కాదు, బొడ్డు దగ్గర నుంచి రావాలన్నాడు. పొద్దున సైరన్ కంటే ముందే మా ఇంట్లోంచి దగ్గు వినిపించేది. గోడ అవతలి నుంచి ఎవరో ఒకరు నిన్నటికన్నా బాగా కుదిరిందని మెచ్చుకునేవారు. బోర్డుకు పోయే రోజు బాపు దవాఖాన మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, రొప్పుకుంటూ లోపలికి పోయాడు. ఫిట్ అన్నారు. ఇంకోసారి పోయాడు. ఫిట్. ఆ తర్వాతిసారి కూడా అదే మాట విని వచ్చి అరుగు మీద కూర్చుని తువ్వాలలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నీకేం రోగం లేదని డాక్టరు చెబితే ఏడ్చిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. కాలనీ అంతా నవ్వింది. ఆయనకు ఫిట్టన్న అని పేరు పెట్టింది.

ఆ పేరే ఆయన్ను తిన్నది. రిటైరైన కొన్నేళ్ళకు నిజం దగ్గు మొదలైంది. నేర్చుకున్న దగ్గుకూ దీనికీ పోలికే లేదు. చిన్నగా, లోపల ఏదో పొడి రాలుతున్నట్టు ఉండేది. సందు మూల దాకా నడిస్తే ఆయాసం. కరెంటు స్తంభం పట్టుకుని నిలబడితే పోయేవాడూ వచ్చేవాడూ పలకరించేవారు: "ఏందే ఫిట్టన్న, నౌకరీ అయిపాయె గదా, యాక్టింగ్ ఇంక బంద్ చెయ్యవా?" వాళ్ళు ప్రేమగానే అనేవారు. బాపు దగ్గు మింగుకుని నవ్వేవాడు. తర్వాత సందులోకి పోవడం మానేశాడు. తర్వాత అరుగు మీదికి రావడం మానేశాడు. ఆ తర్వాత కిటికీ పక్కన మంచం ఒక్కటే మిగిలింది.

ఒక్కసారి మాత్రం బలవంతాన కరీంనగర్ తీసుకుపోయాం. అక్కడ ఛాతీ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. లోపల పేరుకున్న బొగ్గుపొడి ఇక పోదు, మిగిలిన ఊపిరిని కాపాడుకోవడమే. మంచానికి అలవాటు పడనివ్వొద్దు, లేపి కూర్చోబెట్టండి, బయట తిప్పండి, నెలనెలా తీసుకురండి. పడుకోవడం మరిగితే మళ్ళీ లేవడు. నేను సరేనన్నాను. బాపు సరేననలేదు. నేను ఫిట్ అన్నాడు. అవ్వ బతిమాలింది, తిట్టింది. కాక వచ్చి ఇంకా తిట్టాడు. నా జోకులన్నీ అయిపోయాయి. కారులో ఊరు చూపిస్తా రమ్మన్నా అంతే, ఒక్క మనిషి గాలి కోసం డీజిల్ కాల్చుడేందని గోడవైపు తిరిగేవాడు. కొబ్బరికాయ కొట్టిన రోజు ఒక్కసారి ఎక్కాడు. అదీ ఆ తోలు సీటు మీద తన తువ్వాల పరుచుకుని.

అప్పుడు వెలిగింది ఆ లైటు.

రామగుండం తోవలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఊరందరికీ భాయ్. బండి ఆయన దగ్గరికి తీసుకుపోతే మీటలు నొక్కి చూసి నవ్వాడు. "అన్న, ఇది రేసుగుర్రం. నువ్వు జట్కకు కట్టి చౌరస్తాకు చౌరస్తాకు తిప్పుతున్నవ్," అన్నాడు. పొగలోని మసి బయటికి రాకుండా ఈ బండ్లకు లోపల ఒక జల్లెడ ఉంటుందట. చిన్న చిన్న దూరాలకే తిప్పితే మసి దాంట్లో పేరుకుని లైటు వెలుగుతుంది. అప్పుడు పెద్ద రోడ్డెక్కి ఒక పావుగంటో ఇరవై నిమిషాలో ఆపకుండా ఒకే జోరున ఉరికించాలి. ఆ వేడికి మసి లోపలే కాలి బూడిదవుతుంది, లైటు ఆరిపోతుంది. చెయ్యకపోతే ఊపిరాడక బండి కూలబడుతుంది.

ఇంటికొచ్చి అవ్వతో ఇదంతా చెబుతూ బండిని, దాన్ని అమ్మిన పెద్దమనిషిని, దాన్ని కొన్న నన్ను వరసపెట్టి తిడుతున్నాను. కిటికీ పక్క మంచం మీది నుంచి బాపు గొంతు వచ్చింది.

"మసి కాలాలెనంటే ఎంత దూరం పోవాలె?"

"సుల్తానాబాద్ దాక పోతే చాలు బాపు."

"లోపట మసి పెట్టుకొని మిషన్‌ను గట్లనే నిలబెడ్తరా?" అని లేచి కూర్చున్నాడు. "నా బూట్లు తియ్యి."

అవ్వ నా మొహం చూసింది. నేను అవ్వ మొహం చూశాను. తన కోసం లేవని మనిషి మిషన్ కోసం లేచాడు. అటక మీది డ్యూటీ బూట్లు దులిపి తొడిగాం. బాయిలోకి తీసుకుపోయే పాత నీళ్ళ సీసా అవ్వ నింపి చేతికిచ్చింది. గడప దాటుతూ, బాయికి పోయే రోజుల్లోలాగే, డ్యూటీకి పోతున్నానని చెప్పాడు. ఆ మాట ఆ ఇంట్లో వినబడి చాలా కాలమైంది.

పెద్ద రోడ్డు ఎక్కేదాకా ఆయన లైటు చూడలేదు, ముందున్న రోడ్డు చూడలేదు. పైకి చూస్తున్నాడు. చెయ్యెత్తి వేలి కణుపుతో అద్దం కప్పును తట్టి చెవి పెట్టాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు నెత్తి మీది రాయిని అట్లా తట్టి వింటారు. గట్టిగా మోగితే కూర్చోవచ్చు. బోలుగా మోగితే అక్కడి నుంచి తప్పుకోవాలి.

"కప్పుకు అద్దం పెట్టినోడు ఎవడురా?"

"పైసలున్నోళ్ళ బండి బాపు. ఆకాశం చూస్తరట."

"కింద ఒక్క కర్ర దిమ్మె గూడ లేదు," అన్నాడు. బాయిలో కప్పు కూలకుండా కింద నిలబెట్టేవి అవి. ఇంకోసారి తట్టాడు. తర్వాత గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని అడిగాడు. చూపించాను. ఆ రెండూ తెలిశాకే నడుం సీటుకు ఆనించాడు. ఈసారి తువ్వాల పరుచుకోవడం మరిచిపోయాడు.

పెద్దపల్లి దాటాక దగ్గాడు. మింగకుండా, నోరు తెరిచి, ఎంత కావాలో అంత. అద్దాలు మూసి ఉన్నాయి, పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. పెద్ద రోడ్డు మీద ఒకరి ఆయాసం ఇంకొకరికి కనబడదు. ఆ బండి కొన్నందుకు నేను మొదటిసారి సంతోషపడింది అప్పుడే.

సుల్తానాబాద్ దగ్గర లైటు ఆరిపోయింది. బాపు వేలు పెట్టి చూపించి, "కాలింది," అన్నాడు, బొగ్గు టబ్బు నిండిందని చెప్పినట్టు. ఇంటి ముందు ఇంజిను ఆపినా ముందు భాగంలో ఫ్యాను ఇంకా గుయ్యిమని తిరుగుతూనే ఉంది. వేడి చల్లారేదాకా తిరుగుతుందని చెప్పాను. ఆయనకు నచ్చింది. "మంచిదే. మా బాయిల మనుషులందరు పైకొచ్చినంక గూడ ఫ్యాను ఆగేది కాదు," అని, అది ఆగేదాకా బండిలోంచి దిగలేదు.

అట్లా మొదలైంది మా డ్యూటీ. చిక్కల్లా, లైటు నాకు కావలసినప్పుడల్లా వెలగదు. ఒకసారి మసి కాలితే మళ్ళీ పేరుకోవడానికి రోజులు పడతాయి. బాపు మంచం దిగడానికి అన్ని రోజులు ఆగలేం. కాబట్టి బండే చెయ్యి కలిపింది. తాళం తిప్పగానే అన్ని లైట్లూ ఒక్కసారి వెలిగి ఆరతాయి గదా, ఆ క్షణంలో పసుపు లైటు మీద వేలు పెట్టి, చూడు బాపు, మళ్ళీ వచ్చింది అనేవాణ్ణి. ఆయన తలూపేవాడు. కరీంనగర్ దాకా పోయిన రోజుల్లో ఇంకో అబద్ధం. మసి బాగా కాలిన రోజు బండిని గంటసేపు నీడలో నిలబెట్టాలని చెప్పేవాణ్ణి. ఆ నీడ ఎప్పుడూ దవాఖాన ముందే దొరికేది. డాక్టరమ్మ ఎట్లా ఉన్నారని అడిగితే బాపు, "నాకేమున్నది, బండి చల్లారెదాక వచ్చిన," అనేవాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ ఛాతీ మీద గొట్టం పెట్టి వినేది. విన్నాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఆ వానాకాలం నాకు పని ఎక్కువైంది. గుంతలు పడ్డ రోడ్లలో ఆఫీసు నుంచి ఆఫీసుకు, సెంటినరీ కాలనీకి, మళ్ళీ చౌరస్తాకు తిప్పడమే సరిపోయింది. లైటు నిజంగానే వెలిగింది, నేను పట్టించుకోలేదు. బాపును ఎక్కించుకుని బయలుదేరిన రోజు బండి వంతెన ఎక్కలేక రొప్పింది. ఎంత తొక్కినా నడక దాటలేదు. అట్లాగే ఈడ్చుకుంటూ భాయ్ షెడ్డుకు పోయాం. భాయ్ బాపుకు నీడలో కుర్చీ వేశాడు.

"ఎన్నిసార్లని ఉరికిస్తవన్న? జల్లెడ పీకేస్త. శానమంది పీకించుకున్నరు. లైటు మల్ల జిందగీల వెలుగది. ఫికర్ నక్కో."

లైటు మళ్ళీ వెలగకపోతే బాపు మళ్ళీ లేవడు. ఆ మాట భాయ్‌తో ఎట్లా చెప్పాలి? కుర్చీలోంచి బాపు అడిగాడు.

"పీకితే మసి ఏడికి పోతది?"

"బయటికి పోతది చాచా."

"బయటంటే?"

భాయ్ చేత్తో రోడ్డువైపు చూపించాడు. నా బండి పొగగొట్టానికి సరిగ్గా ఎదురుగా ఒకామె మిర్చీలు వేస్తూ ఉంది. మూకుడు మీది పొగకు మొహం ఒక పక్కకు తిప్పుకుని, ఇంకో పక్క నుంచి మా షెడ్డు పొగ పీలుస్తూ ఉంది. బాపు ఆమెను చాలాసేపు చూశాడు.

"ఆడ మనిషి ఉన్నది గద," అన్నాడు.

భాయ్ చేతులు గుడ్డతో తుడుచుకోసాగాడు. అవి ఎంతసేపు తుడిచినా తెల్లబడే చేతులు కావు.

"ఉండనియ్యి జల్లెడ. సాఫ్ చేసియ్యి. మేం తిప్పుకుంటం," అన్నాడు బాపు.

తిరిగి వస్తున్నప్పుడు బాపు రోడ్డువైపే చూస్తూ అన్నాడు: "తాళం తిప్పినప్పుడు అన్ని లైట్లు వెలుగుతయి. గా పసుపుది గూడ."

ఎప్పటి నుంచి ఎరుకని అడిగితే, రెండోసారి నుంచే అన్నాడు. మరి ఎందుకు వస్తున్నావంటే వేలితో అద్దం కప్పును ఒకసారి తట్టాడు.

"మంచిగనే యాక్టింగ్ చేస్తున్నవ్. నాకైతే మీ కాక నేర్పిండు. నీకెవలు నేర్పిండ్రురా?"

నా జీవితంలో ఆయన నాకంటే పెద్ద జోకు వేసింది ఆ ఒక్కసారే.

చలికాలం రాగానే ఆయన ఊపిరి ఇంకా చిన్నదైంది. గాలి మిషన్ ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టాం. అది రాత్రింబవళ్ళు గుర్రుమంటుంటే, ముక్కు కింద సన్నటి గొట్టంతో బాపు కిటికీలోంచి బండిని చూసేవాడు. ఇప్పుడు నా అబద్ధం తిరగబడింది. లైటు వెలిగిందా అని ఆయనే అడిగేవాడు. వెలిగి ఉన్నా వెలగలేదని చెప్పేవాణ్ణి, లేవలేక బాధపడతాడని. ఆయన ఆ మాట కూడా నమ్మినట్టే ఉండేవాడు.

ఒకనాడు పొద్దున పెదవులు నీలం రంగుకు వచ్చాయి. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మంది. దాచకుండా ఇంకో మాట కూడా చెప్పింది. ఈసారి గొంతులోకి గొట్టం వేసి మిషన్‌కు కలపాల్సి వస్తుంది, ఒకసారి కలిపాక తీయగలమని మాట ఇవ్వలేను అంది. బాపు పక్కనే ఉండి ఆ మాట విన్నాడు. కాకా నేనూ చేతుల మీద తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాం. చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఆయన మోకాళ్ళ మధ్య పెట్టి, అవ్వా కాకా వెనక ఎక్కారు. తాళం తిప్పాను. అన్ని లైట్లూ వెలిగాయి, అన్నీ ఆరిపోయాయి. పసుపుది ఆరలేదు.

బాపు దాన్ని చూశాడు. దారంతా దాన్నే చూశాడు. పెద్ద రోడ్డు మీద నేను ఎంత జోరుగా పోవాలో అంత జోరుగా పోయాను, దవాఖాన కోసం. ఆయన లెక్కలో అది మసి కోసం. పెద్దపల్లి దాటింది. వెనక అవ్వ ఏడుపు బయటికి రాకుండా కొంగు నోట్లో పెట్టుకుంది. సుల్తానాబాద్ ఇళ్ళు కనబడుతుండగా లైటు ఆరిపోయింది.

"కాలింది," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "తిప్పు."

"బాపు, దవాఖాన ఇంకెంత దూరం లేదు."

"డ్యూటీ అయిపోయింది. తిప్పు."

బండి పక్కకు తీసి ఆపాను. ముందు ఫ్యాను గుయ్యిమంటోంది. ఒక్క జోకు వేస్తే ఆయన ఒప్పుకుంటాడేమో అని వెతికాను. అద్దంలో కాకను చూశాను. జీవితమంతా నన్ను తిట్టిన మనిషి, ఒక్క తిట్టు తిడితే అదే సలహా అనుకుని పోదామని చూశాను. ఆయన కళ్ళు దించుకున్నాడు. చివరికి మాట్లాడింది అవ్వ. "పనిల దిగినప్పుడు ఆయన మాట ఎవ్వలు కాదనలే. నువ్వెందుకంటవ్ బిడ్డ, తిప్పు," అంది.

పెట్రోల్ బంకు దగ్గర తిప్పాను. ఆ తిప్పడం సరైందో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడే చుట్టాలు చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే పోయాడు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది, బండి అరిచింది. అవ్వ బట్టలు తీసుకురావడానికి బయటికి పోయింది. ఆ బట్టలు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చేసరికి బాపు దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు, కిటికీ వైపు చూస్తూ. గాలి మిషన్ నడుస్తూనే ఉంది. బయట బండి అరుస్తూనే ఉంది.

గోదావరి ఒడ్డుకు నడిచే పోయాం. ముందు నేను నిప్పుకుండతో, వెనక పాడె, డప్పులు, జనం. ఫిట్టన్న అని పిలిచినవాళ్ళందరూ వచ్చారు, భుజం మార్చుకుంటూ మోశారు. నడవలేని పెద్దవాళ్ళను బండిలో కూర్చోబెట్టాం, కాక ముందు సీట్లో. నస్పూర్ నుంచి వచ్చిన మా చెల్లె మొగుడు, మా బావ, దాన్ని డప్పుల నడకకు తగ్గట్టు జనం వెనక పాకిస్తూ తెచ్చాడు.

సగం తోవలో పాడె దించారు. మా దగ్గర దాన్ని దింపుడు కల్లం అంటారు. కాటికి పోయే ముందు ఒకసారి కిందికి దించి, దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. ఎక్కడో పానం మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తాడని. డప్పులు ఆగాయి. అప్పుడే బావ కారులోంచి తల బయటికి పెట్టి, ఇదేం సమయం కాదని తెలిసీ, మెల్లగా అన్నాడు: "బావ, గిండ్ల ఏదో పసుపు లైటు వెలిగింది."

పెద్దవాళ్ళు నన్ను వంగి పిలవమన్నారు. అందరూ బాపు అనో నాయిన అనో పిలుస్తారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని పసుపు పూసిన ఆ చెవి దగ్గర నోరు పెట్టాను.

"బాపు, లైటు వెలిగింది," అన్నాను. మూడుసార్లు అన్నాను. ఆ మాటకు ఆయన ఎప్పుడూ లేవకుండా ఉండలేదు. ఈసారి అది అబద్ధం కూడా కాదు.

కాసేపు చూసి, పాడె ఎత్తారు.

గోదావరిలో మునిగి, తడి బట్టలతోనే బండి ఎక్కాను. మిగతావాళ్ళు వేరే బండ్లలో ముందే పోయారు. కాక వెనక సీట్లోకి జరిగి ముందు సీటు నాకు వదిలాడు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. పెద్ద రోడ్డు దిక్కు పోనియ్యమన్నాను. బావ బ్రేకు మీద కాలు పెట్టాడు. కాటి నుంచి సీదా ఇంటికి పోవాలి, ఇంకో దిక్కుకు పోకూడదు. అది మా అందరికీ తెలుసు.

వెనక నుంచి కాక ముందుకు వంగి ఆ లైటును చూశాడు.

"ఎంత దూరం పోవాలె?" అన్నాడు.

"సుల్తానాబాద్ దాక."

"పోనియ్యి బిడ్డ," అన్నాడు బావతో.

నా తడి బట్టలకు తోలు సీటు నల్లబడింది. పైన అద్దం కప్పు మీద రెండు రోజుల పొడి అట్లాగే ఉంది. లైటు ఆరినప్పుడు చూసింది బావ. అడక్కుండానే తిప్పాడు.

ఇంటి ముందు అవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఇంత ఆలస్యం ఎందుకైందని అడగలేదు. బావ ఇంజిను ఆపాడు. ఫ్యాను తిరుగుతోంది. మేం కాళ్ళు కడుక్కోవడానికి వంగితే, ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఫ్యాను ఆగేదాకా అట్లాగే నిలబడింది. తర్వాత నీళ్ళు పోసింది.